చెయ్యి అందే ఎత్తులో

(పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కొన్ని కుటుంబాలు మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో కలిసినప్పుడు ఒక తల్లి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? సరే. ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి, మైకులో గాలే వినిపిస్తోంది.

నన్ను పిలిచినవాళ్లు ఏమన్నారంటే, "తక్కువ ఖర్చులో ఇంట్లో పిల్లలు చదువుకునే గది ఎలా తయారుచేసుకోవాలో చెప్పండి" అన్నారు. గది అన్నారు. మాది రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లండీ. ఒకదాంట్లో మా అత్తగారు, ఒకదాంట్లో మేం నలుగురం. గది నాకే లేదు. లేని గది గురించి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాను.

అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, మూడేళ్ల కిందట ఆ లేని గది కోసం 13,100 రూపాయలు తగలేశాను. లెక్క చెప్తాను, నవ్వకండి. పిల్లల టేబులూ రెండు కుర్చీలూ 6,500. స్టాండుతో సహా వైట్‌బోర్డు 2,200. ప్లాస్టిక్ ర్యాక్ 2,400. గోడకు అంటించే స్టిక్కర్లు, అదే, చెట్టు మీద కోతి, పక్కన ఏబీసీడీలు, అవి 1,100. మ్యాపులూ చార్టులూ 900. మా పెద్దోడికి అప్పుడు 8 ఏళ్లు, చిన్నదానికి 5. హాల్లో ఓ మూల ఇదంతా అమర్చి, ఫోటో తీసి మా అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. మా అమ్మ మాత్రం ఫోన్ చేసి, "బాగుందే, అచ్చం బడిలాగే ఉంది" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

ఆరు వారాలు. ఆరు వారాల్లో ఆ టేబులు మీదకు ఇస్త్రీ బట్టలు చేరాయి. మీ ఇంట్లో కూడా ఉందా అలాంటి టేబులు? ఆ, తలలు ఊపుతున్నారు.

మరి పిల్లలు చదవలేదా అంటే, చదివారు. ఆ టేబులు దగ్గర తప్ప ఇల్లంతా చదివారు. నాకు చిరాకేసి, ఫ్రిజ్‌కి తగిలించిన క్యాలెండర్ వెనక గీతలు పెట్టడం మొదలుపెట్టాను. ఎవరైనా ఎక్కడైనా కూర్చుని ఒక పని పావుగంట పాటు కదలకుండా చేస్తే, ఆ చోటు పేరు రాసి ఒక గీత. అలా వారం రోజులు. వంటింట్లో నేల మీద 14 గీతలు. డైనింగ్ టేబుల్ కింద 11. కింద అండీ, మీద కాదు. బాల్కనీ గడప దగ్గర 9. మా అత్తగారి మంచం మీద 6. ఆ 6,500 రూపాయల టేబులు దగ్గర 2. ఆ రెండూ నేను బలవంతాన కూర్చోబెట్టినవే.

ఈ రోజు నేను చెప్పేవాటిలో ఏది మర్చిపోయినా ఈ గీతలు మాత్రం మర్చిపోకండి. ఏదీ కొనకముందు వారం రోజులు గీతలు పెట్టండి. పిల్లలు ఇంట్లో తమ చోటు ఎప్పుడో ఎంచుకుని ఉంటారు. మనకు చెప్పరు, అంతే. మనం దాని పక్కన ఇంకోటి కట్టి, ఇందులో కూర్చోండిరా అంటాం.

నేను చేసిన తప్పేమిటో తర్వాత తెలిసింది. పిల్లల్ని బడి మాన్పించి, బడినే ఇంటికి మోసుకొచ్చాను. మా అమ్మ అన్నది అదే, నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుంటే చిన్నదాని కాళ్లు నేలకు ఆనవు. కాళ్లు గాల్లో ఉంటే ఎంతసేపు కూర్చుంటుంది? ఇక బోర్డు. బోర్డు ఉంటే ఏమవుతుంది? ఒకరు నిలబడతారు, ఇద్దరు కూర్చుంటారు. నిలబడ్డవాళ్లు మాట్లాడతారు, కూర్చున్నవాళ్లు కిటికీలోంచి పావురాల్ని చూస్తారు. ఆ బోర్డు నా ఎత్తుకు పెట్టుకున్నాను మరి, వాళ్లకు అందదు! ర్యాక్‌లో రంగులు పై అరలో. ఎందుకు? పాడుచేస్తారని. రంగులు కావాలంటే నన్ను అడగాలి. కత్తెర కావాలంటే నన్ను అడగాలి. జిగురు కావాలంటే నన్ను అడగాలి. టీచర్ని అవుదామనుకుని స్టోర్ కీపర్ని అయ్యాను.

మీలో ఎంతమంది పిల్లలకు అక్షరాభ్యాసం చేయించారు? చేతులెత్తండి. బాసరలో చేయించినవాళ్లు? చాలామందే ఉన్నారు. ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పిల్లవాడు ఎక్కడున్నాడు? ఒళ్లో. పళ్లెం ఎక్కడుంది? నేల మీద, వాడి చెయ్యి అందేచోట. పళ్లెంలో ఏముంది? ఇంట్లో ఉండే బియ్యమే. వెనకటి వీధి బడుల్లో అరుగు మీద ఇసుక పోసి వేలితో దిద్దించేవారు. ఓనమాలు అనే మాటే "ఓం నమః శివాయ" దిద్దించడం నుంచి వచ్చింది. ఆ బడుల్ని నేను పొగడటం లేదండోయ్. అక్కడ బెత్తం ఉండేది, కోదండం ఉండేది, అదే, పిల్లల్ని తాడుకు వేలాడదీసే శిక్ష. ఎవరి పిల్లలు ఆ అరుగెక్కారో, ఎవరి పిల్లల్ని ఎక్కనివ్వలేదో మనకు తెలుసు. నేను చెప్పేది ఆ ఎత్తు గురించి. నేలా, ఒడీ, అందేచోట పళ్లెం.

ఇంకో ఊరి సంగతి చెప్తాను. రోమ్‌లో శాన్ లోరెంజో అని కూలీనాలీ చేసుకునేవాళ్ల పేట. 1907లో అక్కడ మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరు, చిన్నపిల్లల కోసం "పిల్లల ఇల్లు" అని ఒక బడి తెరిచింది. మొదట్లో సామాన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. టీచరే తీసి పంచేది, టీచరే లోపల పెట్టేది. ఒకరోజు ఆ టీచర్ తాళం వేయడం మర్చిపోయింది. ఆలస్యంగా కూడా వచ్చింది. వచ్చి చూస్తే పిల్లలే బీరువా తీసి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో పడిపోయి ఉన్నారు. టీచర్ ఇది దొంగతనం అనుకుంది. మాంటిస్సోరి మాత్రం, వీళ్లకు ఏది ఎక్కడుంటుందో తెలుసు, ఏది కావాలో కూడా తెలుసు అనుకుని, ఆ బీరువా బదులు పొట్టి అల్మరాలు పెట్టించింది. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చింది. కూలీల పేటలో పుట్టిన ఆ పొట్టి అల్మరా ఇవాళ ఆవిడ పేరు తగిలించుకుని ఆన్‌లైన్‌లో ఎంత పలుకుతోందో చూడండి. చూసి ఫోన్ పక్కన పెట్టేయండి.

మా పొట్టి అల్మరా సంగతి వినండి. వీధి చివర పండ్ల కొట్టాయన యాపిల్ చెక్కపెట్టెలు ఒక్కోటి 60 రూపాయలకు ఇచ్చాడు. నాలుగు తెచ్చాం. పక్కకు పడుకోబెట్టి, కింద రెండు, పైన రెండు. అంతే, అల్మరా. కానీ తెచ్చిన రోజే పిల్లల చేతికి ఇవ్వకండి. వాటికి మేకులు బయటికి పొడుచుకుని ఉంటాయి, పేళ్లు లేచి ఉంటాయి. మా ఆయన మేకులన్నీ సుత్తితో లోపలికి కొట్టారు. తర్వాత ఉప్పు కాగితం. హార్డ్‌వేర్ షాపులో "ఉప్పు కాగితం" అని అడిగితే ఆ కుర్రాడు బిత్తరపోయి, పక్కనున్న పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన, "శాండ్ పేపర్‌రా, ఇవ్వు" అన్నాడు. 30 రూపాయలు. ఆ రుద్దే పని పెద్దోడు తీసుకున్నాడు. పేళ్లు గుచ్చుకోకుండా చేతులకు పాత సాక్సులు తొడిగాను. రెండు రోజులు రుద్దాడు. రుద్దడం, చెంపకు ఆనించి చూసుకోవడం, మళ్లీ రుద్దడం. అలా చెంపతో నున్నదనం చూడాలని వాడికెవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఎవరైనా చుట్టాలొస్తే వాడు మొదట చూపించేది తన పుస్తకాలు కాదు, ఆ పెట్టె అంచు.

నాలుగు పెట్టెల్నీ వెనక నుంచి బైండింగ్ వైరుతో కలిపి కట్టి, కిటికీ ఊచకు ఒక ముడి వేశాం. ఎందుకంటే పిల్లలు ఎక్కుతారు. ఎక్కరని మీరనుకుంటే మీ పిల్లలు మీకింకా తెలియదన్నమాట.

అందులో ఏం పెట్టాలి? ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, ఉన్నవన్నీ పెట్టేస్తారు. మేం 8 వస్తువులు పెడతాం. ఎనిమిదే. మిగతావి అటక మీద అట్టపెట్టెలో. రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున పిల్లలే మారుస్తారు, ఏది దించాలి, ఏది ఎక్కించాలి అని గొడవపడి మారుస్తారు. నెల తర్వాత అటక మీద నుంచి దిగిన పాత భూతద్దం కొత్త భూతద్దం అయిపోతుంది. డబ్బు లేనివాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

బోర్డు. బోర్డు వద్దని నేను అనలేదు, నా ఎత్తులో వద్దన్నాను. ప్లైవుడ్ షాపులో కటింగ్ తర్వాత మిగిలిన ముక్కలు ఒక మూల పడేసి ఉంటాయి. మూడడుగుల ముక్క 150కి ఇచ్చాడు. దానికి నల్ల రంగు వెయ్యాలి. ఇక్కడ మా నాన్న కథ చెప్పాలి. మా నాన్న తెనాలి దగ్గర పల్లెటూళ్లో బడిపంతులు. జూన్‌లో బడి తెరిచే ముందు రోజు, పెద్ద పిల్లలు పంటకాలవ గట్టు మీద గుంటగలగరాకు కోసుకొచ్చేవారు. ఇంకొందరు ఇళ్లలోంచి బొగ్గులు. రెండూ కలిపి నూరి, ఆ పసరు గుడ్డతో బోర్డుకు పట్టించి ఎండలో పెట్టేవారు. సాయంత్రానికి నిగనిగలాడే నలుపు. మనలో పలక పట్టిన తరం వాళ్లందరికీ తెలుసిది. తలకు రాసుకునే ఆకే, పలకకూ రాసేవాళ్లం.

సరే, నేనూ పిల్లలూ అది చేద్దామని బయల్దేరాం. చెరువు పక్కన ఆకు దొరికింది. ఇస్త్రీ బండి ఆయన బొగ్గులిచ్చాడు. మిక్సీలో వేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, రోట్లో నూరాం. ఇల్లంతా ఆకు వాసన. చేతులు మూడు రోజులు నల్లగా ఉన్నాయి. బోర్డు ఎలా వచ్చింది? మొదటి వారం బ్రహ్మాండం. రెండో వారానికి తుడిచిన ప్రతిసారీ గుడ్డకు నలుపు వచ్చేయడం మొదలైంది. ప్లైవుడ్‌కి పట్టలేదో, మేం నూరింది సరిగా లేదో. చివరికి 220 పెట్టి బోర్డు రంగు డబ్బా కొన్నాం. అయినా ఆ మూడు రోజులు దండగ అనుకోను, పెద్దోడు ఆకుల పేర్లు రాసుకోవడం అప్పుడే మొదలుపెట్టాడు. బోర్డుకు మేకు కొట్టలేదు. అద్దె ఇల్లు, ఓనరుగారు గోడల్ని రోజూ లెక్కపెట్టుకుంటారు. నేల మీద నిలబెట్టి గోడకు ఆనించాం. పై అంచు చిన్నదాని ముక్కు దాకా వస్తుంది. ఇప్పుడు దాని మీద నేను రాయాలంటే గొంతుక్కూర్చోవాలి. అందుకే తక్కువ రాస్తాను.

పుస్తకాలు ఎలా పెట్టాలి? వెన్ను కనపడేలా పేరిస్తే అక్షరాలు రాని పిల్లకు అవి రంగు గీతలు. అట్ట కనపడాలి. కిటికీ ఊచలకు అడ్డంగా తాడు కట్టి, మధ్యకు తెరిచి వేలాడదీసి బట్టల క్లిప్పులు పెట్టాం, బస్టాండ్ కొట్లో వారపత్రికల్లాగా. తాడూ క్లిప్పులూ 80. పుస్తకాలకేమో ఆదివారం అబిడ్స్‌కి వెళ్లండి, మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలే. పిల్లల్ని తీసుకెళ్లి చేతికి 100 రూపాయలిచ్చి వదలండి, బేరం కూడా వాళ్లనే ఆడనివ్వండి. తెలుగులో పిల్లల పుస్తకాలు చవగ్గా కావాలంటే "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి ఉన్నాయి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలూ నెట్‌లో ఉచితమే, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేవి కూడా వచ్చాయి. కొనాల్సిన అవసరం లేదు. 

ఇప్పుడు వంటింటికి వద్దాం. 14 గీతలు అక్కడే కదా. నేను సంచిలో ఏదో తెచ్చానని చూస్తున్నారు. ఇదిగో, బియ్యం కొలిచే మా అమ్మమ్మగారి మానిక. ఇది తవ్వ. ఇది సోల. ఈ చిన్నది గిద్దె. ముందు వరస వాళ్లు తీసుకోండి, చూసి వెనక్కి పంపండి, జాగ్రత్త. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. అంటే మానికకు ఎన్ని గిద్దెలు? ఆ బాబు చెప్పాడు, 16. భిన్నాల చార్టుకు నేను డబ్బు పెట్టాను గుర్తుందా? వృత్తం గీసి, ముక్కలకు రంగులేసిన చార్టు. పెద్దోడికి దాంతో ఎక్కలేదు. ఒక రోజు వాడు సోలతో బియ్యం కొలుస్తూ, "అమ్మా, గిద్దె సోలలో పావు, తవ్వలో సగం పావు, మానికలో ఇంకా సగం" అన్నాడు. చెయ్యి బియ్యంలోనే ఉంది. నేను పోపు మాడ్చేశాను ఆ రోజు.

అందుకని వంటింట్లో గట్టు కింద ఒక అర ఖాళీ చేశాం. కొలతలు, పాత తూకం రాళ్లు, చింతపిక్కల డబ్బా, పదేసి కట్టిన చీపురు పుల్లల కట్టలు. పదుల స్థానం ఒకట్ల స్థానం అంతా ఆ కట్టల్లోనే నేర్చుకుంది చిన్నది. తీసివేతలో అప్పు తీసుకోవాలంటే కట్ట విప్పాలి. విప్పితే పది పుల్లలు కింద పడతాయి. అప్పంటే ఏమిటో తెలుస్తుంది! కత్తిపీట, గ్యాస్ లైటరు ఈ అరలోంచి మీద గట్టుకు పోయాయి. అందేది ఏదో, అందకూడనిది ఏదో ముందే తేల్చుకోవాలి.

ఇంకొకటి చూపిస్తాను. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్ ట్యూబు. సైకిల్ షాపులో ఆ సన్నటి రబ్బరు ట్యూబు అడగండి. దీన్ని వేలి గోరంత ముక్కలు కోసి, రెండు వైపులా రెండు పుల్లలు గుచ్చితే కీలు తయారు. అరవింద్ గుప్తాగారని, కాన్పూర్ ఐఐటీలో చదివి, ఉద్యోగం వదిలి, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పినాయన, పద్మశ్రీ కూడా వచ్చింది, ఆయన చెప్పిన పద్ధతి ఇది. ఆయన వెబ్‌సైట్‌లో అన్నీ ఉచితం. చూడండి, మూడు పుల్లలు, త్రిభుజం. నొక్కుతున్నాను, కదలదు. నాలుగు పుల్లలు, చతురస్రం. నొక్కుతున్నాను... పడిపోయింది. మా చిన్నది ఇది చేశాక బస్సులో వెళ్తూ ప్రతి సెల్ టవర్‌నీ చూసి "త్రిభుజం, త్రిభుజం" అని అరిచింది. పుల్లల తలల మీది మందు మాత్రం ముందే తీసేయండి.

వెలుతురు గురించి గట్టిగా రెండు మాటలు. కుడిచేత్తో రాసే పిల్లలకు వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ అక్షరం మీద పడుతుంది. ఎడమచేత్తో రాస్తే కుడి నుంచి. మా డైనింగ్ టేబుల్ కింద చీకటి. దాన్ని వదలమంటే వదలరు. క్లిప్పు ల్యాంపు 450 పెట్టి టేబుల్ కాలికి బిగించాం, కింద 350 రూపాయల ఈత చాప పరిచాం. మాకున్న గది అదే, నాలుగడుగుల ఎత్తు లేదు. టీవీ సంగతి, మా అత్తగారి సీరియల్ రాత్రి 7 నుంచి. ఆ గంట పిల్లలు బాల్కనీలో ఉంటారు, లేదా వాళ్లూ సీరియల్ చూస్తారు. దాచడమెందుకు.

చీటీ వచ్చింది. "మాది ఒక్కటే గది, నలుగురం. మేమేం చేయాలి?" అని. అమ్మా, మీకు రేకు పెట్టె ఉందా? పాత ట్రంకు పెట్టె? అందులో ఎనిమిది వస్తువులు, మూత లోపలి వైపు నల్ల రంగు. తెరిస్తే మూతే బోర్డు. మూసి మంచం కిందకు తోసేస్తే ఇల్లు మీది. మా పనమ్మాయి వాళ్ల ఇంట్లో ఇలాగే చేసింది, నా కంటే బాగా చేసింది. ఆవిడ మూత లోపలికి అద్దం ముక్క ఒకటి అంటించింది, పిల్లలు అచ్చులు పలుకుతూ నోరు చూసుకుంటారట. నాకు తట్టలేదు ఆ సంగతి.

పాడైనవీ చెప్పాలి. పళ్లెంలో రవ్వ పోసి అక్షరాలు దిద్దించాను. మూడో రోజుకి చీమలు. ఉప్పుతో చేశాను, వానాకాలం ముద్దైపోయింది. చివరికి కన్‌స్ట్రక్షన్ ఇసుక జల్లించి కడిగి ఎండబెట్టాం. మనవాళ్లు వందల ఏళ్ల కిందటే ఇసుక అన్నారు, నేను రవ్వ నుంచి మొదలుపెట్టాను.

ఇంకో చీటీ, చట్టం గురించి. గది గురించి పిలిచారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. ఇంటి చదువు అనే మాట అందులో లేదు. పరీక్షలకు మాలో ఎక్కువమంది చూసేది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్‌ఐఓఎస్, 1989 నుంచి ఉంది. 14 ఏళ్లు నిండితే అక్కడ పదో తరగతి రాయొచ్చు, తెలుగు మీడియంలో కూడా. మిగతాది లాయరుగారు వచ్చే నెల చెప్తారు, నన్ను వదిలేయండి.

ఖర్చు అడిగారు కదా, కూడండి. పెట్టెలు 240, ఉప్పు కాగితం 30, ప్లైవుడ్ 150, రంగు 220, తాడూ క్లిప్పులూ 80, చాప 350, ల్యాంపు 450. మొత్తం 1,520. ఆ పాత టేబులూ కుర్చీలూ సెకండ్‌హ్యాండ్‌లో 2,500కి అమ్మేశాం. అంటే నాకే 980 మిగిలింది. కొన్నావిడ వాళ్ల అబ్బాయికి చదువుకునే గది చేస్తున్నానంది. క్యాలెండర్ గీతల గురించి చెబుదామని నోటిదాకా వచ్చింది, మా ఆయన కాలు తొక్కారు.

వంట టైమవుతోంది, ఆపేస్తాను. వెనక వరసలో ఎవరి దగ్గరుందో ఆ గిద్దె... మానికా, తవ్వా, సోలా వచ్చాయి, గిద్దె రాలేదు. బాబూ, నీ జేబులో ఉందా? ఉంచుకో, ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దువుగాని. పొద్దున్నే మా చిన్నది బియ్యం కొలవాలి.